క్లియరింగుకు వెళ్లిన డిగ్రీ

ఈ ‘జమా-ఖర్చు’ శీర్షికలో ఇంతవరకు డిపాజిట్లు, నామినేషన్లు, ఇంటి అప్పులు అంటూ నా బ్యాంకు ఉద్యోగానికి సంబంధించిన సంగతులే రాస్తూ వచ్చాను. కిందటి సంచిక చూసి ఒక తల్లి ఉత్తరం రాశారు. “మా అమ్మాయికి ఫిజియోథెరపీలో సీటు వచ్చింది. అమెరికాలో ఆ చదువుకు మంచి గిరాకీ అంటున్నారు. ఆ ధైర్యంతో పెద్ద అప్పు చేయవచ్చునా?” అని ఆమె ప్రశ్న.

ఇదే ప్రశ్నకు 2014లో నేను ఒకసారి జవాబు చెప్పి ఉన్నాను. చెప్పింది పరాయివాళ్లకు కాదు, మా అక్కకూ బావకూ. చెప్పింది తప్పు. ఆ తప్పు ఎక్కడ జరిగిందో, దాన్ని సరిదిద్దుకోవడానికి మా ఇంటిల్లిపాదికీ ఎంత పట్టిందో ఈ మారు రాస్తాను. అప్పుడు ఆ తల్లి ప్రశ్నకు సరైన జవాబు దానంతట అదే దొరుకుతుంది.

మాది కె.జి.ఎఫ్. కోలారు జిల్లాలో చాలా ఊళ్లలో ఇంటిభాష తెలుగే గానీ, మా గనుల ఊరి సంగతి కొంచెం వేరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ప్రభుత్వ కచ్చేరీలో కన్నడం, గని ఆఫీసులో ఇంగ్లీషు. నాలుగు భాషలూ రాకపోతే కూరగాయలు కొనడం కూడా కష్టమే. మా బావ చాంపియన్ రీఫ్‌లో వైండింగ్ ఇంజన్ డ్రైవరు. గని తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. షాఫ్టు మీద పెద్ద చక్రం, దాని మీదుగా ఉక్కుతాడు, ఆ తాడుకు ఇనుపబోను. మనుషుల్ని కిందికి దించేదీ పైకి తెచ్చేదీ ఆ బోనే. ఆ గని లోతు మూడు కిలోమీటర్లకు పైమాటే. ఇంజన్ ముందు కూర్చున్న డ్రైవరుకు బోనులోని మనుషులు కనబడరు. గంట ఎన్నిసార్లు మోగిందో విని, ముందున్న ముల్లు ఎక్కడుందో చూసి నడపాలి. ఒక్క క్షణం పరధ్యానం అయితే అన్ని ప్రాణాలూ గాలిలో కలిసినట్లే. అందుకే ఆ పని ఎవరంటే వాళ్లకు ఇవ్వరు. ధన్‌బాద్‌లో కేంద్రకార్యాలయం ఉన్న గనుల భద్రతాశాఖ పరీక్ష పెట్టి, పాసయితేనే సర్టిఫికెట్ ఇస్తుంది. బావ ఆ కాగితానికి అద్దం కట్టించి దేవుడి పటాల వరసలోనే తగిలించుకున్నాడు.

1880లో జాన్ టేలర్ కంపెనీ చేతికి వచ్చి, 1902లో శివనసముద్రం నుంచి కరెంటు తెప్పించుకున్న గనులు, 1972 నుంచి భారత్ గోల్డ్ మైన్స్ పేరుతో నడిచిన గనులు, 2001 ఫిబ్రవరి 28న మూతబడ్డాయి. అప్పటికి బావ వయసు నలభైమూడు. సర్టిఫికెట్ గోడమీద అట్లాగే ఉంది. దాని మీద గడువు తేదీ లేదు, సంతకం చెరగలేదు. కానీ దాన్ని చూపించడానికి షాఫ్టు లేదు. మన రాష్ట్రంలోనే రాయచూరు వైపు హట్టిలో బంగారు గని నడుస్తూ ఉంది గానీ, ఒకేసారి ఉద్యోగం పోయిన ఇన్ని వేలమందికి అక్కడ చోటెక్కడిది? ఊళ్లో సగంమంది మాదిరే బావ కూడా తెల్లవారుజామున బెంగుళూరు రైలెక్కాడు. ఒక అపార్టుమెంటు దగ్గర రాత్రి కాపలా ఉద్యోగం దొరికింది. గేటు తీయడానికీ వేయడానికీ ఏ సర్టిఫికెట్టూ అక్కరలేదు గదా!

అప్పటికి మా మేనకోడలికి అయిదేళ్లు. పేరు రాయను, పాప అందాం. వాళ్ల తాత, అంటే బావ తండ్రి, గని లోపల డ్రిల్లింగ్ చేసిన మనిషి. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని ముసలితనమంతా దగ్గుతోనే గడిపాడు. ఊపిరి ఎట్లా తీయాలో, కఫం ఎట్లా బయటికి తేవాలో నేర్పడానికి ఆస్పత్రిలో ఒక ఫిజియోథెరపిస్టమ్మ ఉండేది. తాతను చేయిపట్టి ఆమె దగ్గరకు తీసుకుపోయేది పాపే. ద్వితీయ పి.యు.సి. పాసవగానే “మామా, నేను ఆ చదువే చదువుతాను” అన్నది. వద్దనడానికి ఎవరికి మనసొప్పుతుంది?

నాలుగేళ్ల చదువు, ఆరునెలల ఇంటర్న్‌షిప్పు. నాలుగు లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండా, తండ్రి సహఋణగ్రహీతగా సంతకం పెడితే చదువు అప్పు ఇచ్చే పద్ధతి అప్పటికి ఉంది. ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ ఆ పథకాన్ని రూపొందించింది కూడా 2001లోనే. గని మూసిన ఏడే మా ఊరి పిల్లలకు ఆ తలుపు తెరుచుకుంది. బావ సంతకం పెట్టే ముందు నా ముఖం చూసి, “ఏమప్పా, ఇది తీరుతుందా?” అని అడిగాడు. నేను కామర్సు చదివినవాణ్ణి గదా, ఒక కాగితం తీసి లెక్క వేశాను. అమెరికాలో ఫిజియోథెరపిస్టు జీతం ఇంత, డాలరుకు అరవై రూపాయలు, పోయిన ఆరునెలల్లో ఉద్యోగం, రెండేళ్లలో అప్పు సున్న. ఆ కాగితం మీద ఒక పద్దు రాయడం మరిచిపోయాను. అది లైసెన్సు.

పాప 2019 మొదట్లో ఇంటర్న్‌షిప్పు ముగించి కోలారులోని ఒక ఆస్పత్రిలో చేరింది. జీతం నెలకు పన్నెండువేలు. అప్పుకు కట్టవలసిన వాయిదా నెలకు పదివేల దగ్గర. ఇది కదా అసలు లెక్క! అయినా పిల్ల మంచి పేరు తెచ్చుకుంది. శ్రీనివాసపురం మామిడితోటల నుంచి నడుంనొప్పితో వచ్చే రైతుతో తెలుగులో, సంతలో టమాటాబుట్టలు మోసి భుజం పట్టేసిన కూలీతో కన్నడంలో, మా ఊరి ముసలమ్మలతో తమిళంలో మాట్లాడేది. 2021లో పెళ్లయింది. అబ్బాయిది చింతామణి దగ్గరి కుటుంబం, డల్లాస్‌లో సాఫ్టువేరు ఉద్యోగం. ఆ ఏడాది చివర అమెరికా పోయింది. భర్తమీద ఆధారపడ్డ వీసా గనుక చదువుకోవచ్చు, పరీక్ష రాయవచ్చు, పని అనుమతి వచ్చేదాకా జీతం మాత్రం పుచ్చుకోకూడదు.

అక్కడికి పోయాక తెలిసిన సంగతులు వరసగా రాస్తున్నాను. పిల్లల్ని ఈ చదువుకు పంపే తల్లిదండ్రులు ఈ భాగం ఒకటికి రెండుసార్లు చదవండి.

మొదటిది: అమెరికాకంతా చెల్లే ఒకే లైసెన్సు లేదు. ప్రతి రాష్ట్రానికీ ఒక బోర్డు, ప్రతి బోర్డుకూ తన నిబంధనలు. టెక్సాస్ అడిగే కాగితాలు న్యూయార్కు అడక్కపోవచ్చు. కాలిఫోర్నియా అయితే విదేశాల్లో చదివినవాళ్లు కొన్ని నెలలు లైసెన్సున్నవారి కిందనే పనిచేసి చూపించాలంటుంది. పరీక్ష మాత్రం అందరికీ ఒకటే. దాన్ని నడిపేది ఆ రాష్ట్రాల బోర్డులన్నీ కలిసి పెట్టుకున్న సమాఖ్య.

రెండవది: చదువు మదింపు. మన కాలేజీలో ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చెప్పారు, ఆస్పత్రిలో ఏ విభాగంలో ఎన్ని గంటలు పనిచేశారు అన్నది ఒక సంస్థ కాగితాల మీద సరిచూసి, అక్కడి పట్టాతో సమానమా కాదా అని తేలుస్తుంది. మార్కులతో పని తక్కువ, గంటలతోనూ విషయాలతోనూ పని ఎక్కువ. అక్కడ 2016 నుంచి గుర్తింపు పొందిన ఫిజికల్ థెరపీ కోర్సులన్నీ డాక్టరేటు స్థాయివే. ముందు నాలుగేళ్ల మామూలు డిగ్రీ, ఆ తర్వాత సుమారు మూడేళ్ల ఈ చదువు. మన పిల్లలు పి.యు.సి. నుంచి నేరుగా వృత్తివిద్యలోకి పోతారు. తేడా అక్కడే పడుతుంది.

మూడవది: ఇంగ్లీషు పరీక్ష. అమెరికా, బ్రిటన్, ఐర్లండు, ఆస్ట్రేలియా, న్యూజీలాండు, ఫ్రెంచి ప్రాంతం తప్ప మిగిలిన కెనడా, ఈ దేశాల్లో చదివినవారికి మినహాయింపు ఉంది. మనకు లేదు. నాలుగున్నరేళ్లు పాఠ్యపుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే చదివినా సరే, టోఫెల్ రాయాలి.

నాలుగవది: అసలు పరీక్ష. దీన్ని అమెరికా గడ్డమీది కేంద్రాల్లోనే రాయాలి, బెంగుళూరులో కూర్చుని రాయడానికి వీల్లేదు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు, ఏడాదికి నాలుగుసార్లు పెడతారు. అయిదు గంటలు. 2023 దాకా 250 ప్రశ్నలుండేవి, 2024 జనవరి నుంచి 225 అయినాయి. మార్కులు 200 నుంచి 800 దాకా ఒక కొలబద్ద మీద వేస్తారు, 600 వస్తే పాసు. పన్నెండు నెలల్లో మూడుసార్లకు మించి రాయకూడదు. జీవితం మొత్తానికి ఆరుసార్లు. ఆ తర్వాత ఆ తలుపు మూసుకున్నట్లే.

ఇవన్నీ అయినాక రాష్ట్రం చట్టం మీద ఒక చిన్న పరీక్ష, వేలిముద్రలు, పాత చరిత్ర విచారణ. అప్పుడు లైసెన్సు.

2022లో పాప కాగితాలు మదింపుకు పోయినాయి. పోవడం అంటే సులభంగా పోలేదు. ప్రతి సబ్జెక్టు పాఠ్యప్రణాళిక, గంటలతో సహా, కాలేజీ ముద్రతో కావాలన్నారు. ఇంటర్న్‌షిప్పులో విభాగాలవారీ గంటలు కావాలన్నారు. నేను సెలవు పెట్టి ఆ కాలేజీకి అయిదు మార్లు తిరిగాను. గుమాస్తా, “ఇట్లాంటివి ఎవురూ అడగలేదు సార్” అన్నాడు. విద్యార్థుల హాజరు పుస్తకాలు పాతసామాన్ల గదిలో మూటకట్టి ఉన్నాయి. ఒక మూటను చెదలు సగం తినేశాయి. పాప తన సొంత డైరీలో రోజువారీగా రాసుకున్న వివరాలు ఉండబట్టి, వాటిని మిగిలిన పుస్తకాలతో సరిచూసి ప్రిన్సిపాల్ సంతకం పెట్టారు. ఆ డైరీ లేకపోతే మా కథ అక్కడే ముగిసేది.

నాలుగు నెలలకు జవాబు వచ్చింది. సమానం కాదు అని. సాధారణ విద్యలో, అంటే చరిత్ర, సమాజశాస్త్రం, మనస్తత్వశాస్త్రం లాంటివాటిలో కొన్ని క్రెడిట్లు తక్కువ. వృత్తి విషయాల్లో రెండు తక్కువ.

నాకు విపరీతమైన కోపం వచ్చింది. ఆ రాత్రి ఫోనులో అరిచాను కూడా. “నీకు చదువు రాదంటున్నారా వాళ్లు?” అన్నాను. పాప నెమ్మదిగా, “మామా, మీ బ్యాంకులో ఇంకో బ్యాంకు చెక్కు వేస్తే వెంటనే డబ్బిస్తారా?” అని అడిగింది. నా నోట మాట రాలేదు. ఇవ్వం. క్లియరింగుకు పంపుతాం. తేదీ చూస్తారు, సంతకం చూస్తారు, ఖాతాలో నిలవ చూస్తారు. చెక్కు దొంగదని కాదు. పరాయి బ్యాంకు మాట మీద మన డబ్బు బయటికి పోతుంది గనుక. ఒక్కోసారి మంచి చెక్కు కూడా సంతకం కుదరలేదని తిరిగివస్తుంది. ఆ ఖాతాదారుణ్ణి మనం దొంగ అనం, “మళ్లీ సరిగా రాసుకుని రండి” అంటాం. ముప్ఫయ్యేళ్లుగా నేను అందరికీ చెప్పే మాట నాకే గుర్తురాలేదు.

ఆ రెండు వృత్తి విషయాల సంగతి కూడా తర్వాత అర్థమయింది. మన ఆస్పత్రుల్లో సాధారణంగా డాక్టరు చూసి, చీటీ రాస్తే రోగి ఫిజియో దగ్గరకు వస్తాడు. అమెరికాలో 2015 నుంచి అన్ని రాష్ట్రాల్లోనూ, ఏదో ఒక మేరకు, డాక్టరు చీటీ లేకుండానే రోగి నేరుగా థెరపిస్టు దగ్గరకు పోవచ్చు. అప్పుడు నడుంనొప్పి అని వచ్చినవాడిది కండరాల నొప్పా, కిడ్నీరాయా, ఎముకలో గడ్డా అని మొదట అనుమానించవలసింది ఆ థెరపిస్టే. ఆ పాఠం మన కోర్సులో కొంచెమే ఉంది, వాళ్లకు పూర్తిగా కావాలి. న్యాయమే గదా!

సాధారణ విద్య లోటు తీర్చుకోవడానికి కాలేజీకి పోకుండా రాసే పరీక్షలు అక్కడ ఉన్నాయి, క్లెప్ అంటారు. పాప అమెరికా చరిత్ర పుస్తకం ముందేసుకుని కూర్చుంది. అక్క ఫోనులో విని, “నడుంనొప్పికీ అబ్రహాం లింకనుకూ ఏమి సంబంధమే?” అని అడిగింది. అందరం నవ్వాం. అంత నవ్విన రోజు ఆ ఏడాది ఇంకోటి లేదు. వృత్తి విషయాలు మాత్రం ఒక విశ్వవిద్యాలయంలో డబ్బు కట్టి దూరవిద్యగా పూర్తిచేసింది.

ఇక్కడ అప్పు వాయిదాలు ఆగలేదు. అల్లుడు తాను కడతానన్నాడు. బావ ఒప్పుకోలేదు. “పిల్లనిచ్చినాము గానీ అప్పు ఇయ్యలేదు” అన్నాడు. అక్క పెళ్లినాటి గొలుసు తెచ్చి నా బల్లమీద పెట్టింది. తాకట్టు పెట్టవలసింది మా బ్రాంచిలోనే. మా కంసాలి తూచి రాళ్లు, అతుకు తీసేసి నికర బరువు రాశాడు. ముప్ఫయ్యేళ్ల సర్వీసులో ఎన్ని వందల నగలు తూయించానో! ఆ రోజు మాత్రం రసీదు మీద సంతకం పెడుతుంటే చేయి వణికింది. పగలూరాత్రీ బంగారాన్ని పైకి లాగిన మనిషి ఇంటి బంగారం, నేను వేసిన తప్పుడు లెక్క వల్ల ఇనుప్పెట్టెలోకి పోతూ ఉంది.

2023 మార్చిలో బావకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి, కుడికాలు, కొంత మాట కూడా. జులైలో పాప పరీక్ష. బయలుదేరి వస్తే తిరిగి పోవడానికి వీసా ముద్ర వేయించుకోవాలి, ఆ తేదీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం. పిల్ల ఏడుస్తూ “వచ్చేస్తాను” అన్నది. ఇన్నేళ్లు చదివింది ఇట్లాంటి రోగిని నిలబెట్టడానికే గదా, సొంత తండ్రికి కాకపోతే ఇంకెవరికి? ఫోను బావ చెవి దగ్గర పెట్టాను. చాలాసేపు ప్రయత్నించి రెండే మాటలు పలికాడు. “రాయి... పరీక్ష.”

ఆ తర్వాత నాలుగు నెలలు మా ఇంట్లో జరిగింది చెప్పాలి. పాప చదువుకున్న కాలేజీలోనే కింద క్లాసులో ఉన్న ఒక కుర్రాడు వారానికి రెండుసార్లు వచ్చి చేయించేవాడు. మిగిలిన రోజుల్లో, ఇక్కడ పొద్దున ఏడున్నర అంటే డల్లాస్‌లో ముందురోజు రాత్రి తొమ్మిది, పాప వీడియోలో వచ్చేది. “అమ్మా, ఎడమచేయి నాయన మోచేతి కింద పెట్టు. లాగవద్దు. భుజం పట్టి లాగితే కీలు జారుతుంది. నాయనను చూడమను, చేయి కదిలేటప్పుడు కంటితో చూడాలి” అంటూ ఒక్కొక్కటీ చెప్పేది. అక్క ఏడో తరగతితో బడి మానేసిన మనిషి, అన్నీ నేర్చుకుంది. ఒకరోజు, “ఏమే, ఇట్లా చెప్పేదానికి లైసెన్సు అక్కరలేదా?” అని అడిగింది. “నాయనకు నేను కూతుర్ని గదమ్మా, దానికి ఏ బోర్డూ లైసెన్సు ఇయ్యదు” అని పాప జవాబు. కానీ ఫోను పెట్టేశాక ఆ పిల్ల ఎంతసేపు ఏడ్చేదో అల్లుడు నాకు తర్వాత చెప్పాడు.

జులై పరీక్షలో 584 వచ్చింది. పదహారు తక్కువ.

ఆ రోజుల్లోనే ఒకరు ఆమెకు ఒక ప్రశ్నల కట్ట ఇవ్వజూపారు. ముందు రాసినవాళ్లు గుర్తుపెట్టుకుని రాసిన ప్రశ్నలట. పాప తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో అందరూ తెలుసుకోవాలి. 2010 జులైలో ఇట్లా ప్రశ్నలు చేతులు మారుతున్నాయన్న కారణంతోనే ఆ సమాఖ్య భారతదేశం, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్, ఈజిప్టు కాలేజీల్లో చదివినవారందరికీ పరీక్ష నిలిపివేసింది. 2011లో వారికోసం ఏడాదికి ఒక్కసారే వేరే పరీక్ష పెట్టింది. కొన్నేళ్లకు గానీ మనవాళ్లు మళ్లీ అందరితో కలిసి రాసే పరిస్థితి రాలేదు. తప్పు చేసింది కొందరు, ఆగిపోయింది ఏ తప్పూ ఎరగని వందలమంది పిల్లల బతుకు. బ్యాంకులో ఒక ఖాతాలో మోసం జరిగితే ఆ ఊరి చెక్కులన్నిటినీ అనుమానంగా చూసినట్లు. మన పిల్లలకు ఎవరైనా అట్లాంటి కట్ట ఇస్తే, అది వాళ్ల ఒక్కరి పరీక్ష కాదని గట్టిగా చెప్పండి.

2024 జనవరిలో మళ్లీ రాసింది. పాసయింది. ఎన్ని మార్కులని నేను అడగలేదు. రాష్ట్రం చట్టం పరీక్ష, మిగిలిన కాగితాలు, పని అనుమతి అన్నీ వచ్చేసరికి ఆ ఏడాది చివర అయింది. ఇప్పుడు వృద్ధుల పునరావాస కేంద్రం ఒకదానిలో ఉద్యోగం. పక్షవాతం వచ్చినవాళ్లే ఎక్కువట. నేను 2014లో కాగితం మీద రాసింది ఆరునెలలు. పట్టింది మూడేళ్లు.

“మరి అమెరికా వద్దు, ఇంకో దేశం పోతే?” అంటారు. పద్ధతి వేరు గానీ క్లియరింగు అన్నిచోట్లా ఉంది. కెనడాలో కూడా ముందు కాగితాల మదింపు, తర్వాత వృత్తి పరీక్ష. ఆస్ట్రేలియాలో అక్కడి ఫిజియోథెరపీ కౌన్సిల్ రాతపరీక్ష, ఆ మీదట రోగుల దగ్గర నిలబెట్టి చేసే పరీక్ష పెడుతుంది. బ్రిటన్‌లో ఆరోగ్యవృత్తుల కౌన్సిల్ చదువునూ అనుభవాన్నీ చూసి నమోదు చేస్తుంది. గల్ఫ్ దేశాల్లోనూ లైసెన్సు లేకుండా రోగిని ముట్టుకోనివ్వరు. మన దేశం సంగతి చూస్తే, ఈ వృత్తులన్నిటికీ జాతీయస్థాయిలో ఒక కమిషన్ ఉండాలన్న చట్టం వచ్చిందే 2021లో. మన చెక్కు మీద సంతకం ఎవరిదో తేల్చుకోవడానికి మనకే అంతకాలం పట్టినప్పుడు, పరాయి బ్యాంకు సందేహించడంలో వింతేముంది?

ఇక ఉత్తరం రాసిన తల్లికి నా జవాబు.

అమ్మా, మీ అమ్మాయిని తప్పకుండా చదివించండి. గౌరవమైన చదువు, ఊరికి పనికివచ్చే చదువు. కాలేజీలో చేరిన మొదటి ఏడాదినుంచే నాలుగు పనులు చేయించండి. ఒకటి, ఏ ఏటికాయేడు పాఠ్యప్రణాళికను గంటలతో సహా కాలేజీ ముద్ర వేయించి ఇంట్లో దాచండి. రెండు, ఆస్పత్రిలో గడిపిన ప్రతిరోజూ విభాగం, గంటలు, పైఅధికారి సంతకంతో డైరీ రాయించండి. మూడు, సర్టిఫికెట్టులో, మార్కుల పత్రంలో, పాస్‌పోర్టులో పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండేట్లు చూడండి. నాలుగు, ఏ దేశం, అందులో ఏ రాష్ట్రం అన్నది తేలాక ఆ బోర్డు నిబంధనలను బోర్డు దగ్గరే చదవండి. ఏజెంటు చెప్పినదీ, పక్కింటివారు చెప్పినదీ, బ్యాంకులో పనిచేసే మేనమామ చెప్పినదీ నమ్మవద్దు.

అప్పు మాటకు వస్తే, మీ ఊళ్లో ఆ చదువుకు ఇచ్చే మొదటి జీతం ఎంతో కనుక్కోండి. ఆ జీతంలో తినగా తిరగగా మిగిలేదానితో తీర్చగలిగినంతే అప్పు చేయండి. చేతిలో ఉన్న లైసెన్సు మీద అప్పు చేయవచ్చు. రాబోయే లైసెన్సు మీద చేయకూడదు. అమెరికా వస్తే అది లాభం. పద్దులో ముందే రాసుకునే ఆదాయం కాదు. ఈ ఒక్క ముక్క నేను 2014లో చెప్పి ఉంటే పాప చదువు ఆగేది కాదు. కొంచెం తక్కువ ఫీజున్న కాలేజీ చూసుకునేవాళ్లం. అక్క గొలుసు అక్క మెడలోనే ఉండేది.

గొలుసు కిందటి దీపావళికి విడిపించాం. మొదటి జీతాల్లోంచి పాప పంపింది. కూతురి సంపాదన పుచ్చుకోవడానికి బావ ఈసారి ఏమీ అడ్డు చెప్పలేదు. కర్ర పట్టుకుని వీధిచివర టీ అంగడిదాకా నడుస్తున్నాడు. మాట కూడా చాలామటుకు వచ్చింది. పాప తన లైసెన్సు నకలు పంపితే, అక్క అద్దం కట్టించి బావ సర్టిఫికెట్ పక్కనే తగిలిద్దామన్నది. బావ చాలాసేపు చూసి, “దీనికి గడువు ఉంది, చూడప్పా. మళ్లీ మళ్లీ కొత్తది చేయించుకోవాలంట” అన్నాడు. నిజమే, అక్కడి లైసెన్సు రెండేళ్లకోమారు పునరుద్ధరించుకోవాలి, అందుకు మధ్యలో చదువుతూనే ఉండాలి. “మాదానికి గడువు లేదు, గనికే గడువు వచ్చింది. దీనిదే మేలు” అని తనే మేకు ఎక్కడ కొట్టాలో కర్రతో చూపించాడు.

వచ్చే సంచికలో, విదేశంలో ఉన్న పిల్లల పేర ఇక్కడ ఖాతాలు ఉన్నవారు చూసుకోవలసిన సంగతులు రాస్తాను. మీ ప్రశ్నలు ఎప్పటిలాగే సంఘం చిరునామాకు పంపండి. సెలవు.